మేకను కొనేముందు మేత చూసుకోండి

వేరుశనగ చేతికి రాని ఏడాది అనంతపురం మెట్ట రైతుకు ముందుగా గుర్తొచ్చేది మేకలే. ఎకరం, రెండెకరాలున్నవారు, అసలు భూమి లేనివారు కూడా ఇంటి ముందు రెండు మేకలు కట్టుకుంటే కష్టకాలంలో నాలుగు డబ్బులొస్తాయని అనుకుంటారు. అది నిజమే. అయితే సంతలో బేరగాడు చెప్పే లెక్క వేరు, ఇంటి దగ్గర తేలే లెక్క వేరు.

ఏడాదికి రెండు ఈతలు, ఈతకు రెండు పిల్లలు అని సంతలో చెబుతారు. ఆ లెక్కన రెండు మేకలకు ఏడాదిలో 8 పిల్లలు రావాలి. కానీ మేక చూడి కాలమే 5 నెలలు. ఈనిన తర్వాత మళ్లీ ఎదకొచ్చి చూలు కట్టడానికి 2, 3 నెలలు పడుతుంది. అంటే బాగా మేపితే రెండేళ్లకు మూడు ఈతలు. తొలిచూలు మేక తరచు ఒక్క పిల్లనే వేస్తుంది. చూడి మేకనే కొన్నా, పుట్టిన పోతుపిల్ల అమ్మకానికి రావాలంటే ఆరేడు నెలలైనా ఆగాలి. అప్పు తెచ్చి కొనేవారు మొదటి వాయిదాలు వేరే దారిన కట్టుకోగలరో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే వాయిదా కోసం చూడి మేకనే అమ్ముకోవలసి వస్తుంది.

ఇక మేత. మందలో తిరిగే మేక కొమ్మా రెమ్మా కొరుక్కుని తన కడుపు తానే నింపుకుంటుంది. ఇంటి దగ్గర కట్టేసిన దానికి మీరే తేవాలి. 25 కిలోల మేకకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత, అరకిలో దాకా ఎండుమేత కావాలి. రెండు మేకలంటే రోజూ ఒక మోపు. ఆ మోపు ఎవరు తెస్తారు? చాలా ఇళ్లలో కూలికి వెళ్లివచ్చిన ఆడవాళ్ల మీద పడుతుంది, కాకుంటే బడికెళ్లే పిల్లవాడి మీద. వాణ్ణి బడి మాన్పించి మేకల వెంట పంపితే ఆ నష్టం ఏ లెక్కలోనూ రాయరు. వదిలేస్తే పక్కవారి కంది చేలో పడతాయి. ఊళ్లో తగాదాలకు మేక నోరు చాలు.

అందుకని కొనడానికి ఏడాది ముందే గట్ల మీద అవిశ, మునగ, సుబాబుల్ వేసుకోండి. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు, మించితే వెంట్రుకలు రాలతాయి. వేరుశనగ కట్టె, కంది పొట్టు వానకు తడవకుండా దాచండి. బూజు పట్టింది వేయవద్దు. మేత నేలమీద పడేస్తే సగం తొక్కేస్తుంది, తొక్కింది మళ్లీ ముట్టదు. తాడుతో కట్ట కట్టి మెడ ఎత్తున వేలాడదీయండి. లేత జొన్న పిలకలు, వానలేక వాడిన జొన్న ప్రాణం మీదికి తెస్తాయి. పెళ్లింట్లో మిగిలిన అన్నం మేకల ముందు కుమ్మరించే అలవాటు కొందరికి ఉంది. ప్రేమతోనే చేస్తారు గానీ కడుపు పులిసి మేక పడిపోతుంది.

పాకకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మేకకు 10 చదరపు అడుగుల చోటు, కింద తడిలేని ఎత్తయిన నేల ఉంటే చాలు.

ఎక్కువ దెబ్బ తగిలేది తొలకరికే. లేత గడ్డి ఒక్కసారిగా మేసినప్పుడు చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. పుష్టిగా ఉన్నదే ముందు పోతుంది కాబట్టి దిష్టి తగిలిందంటారు. మందు వేసే వ్యవధి ఉండదు, టీకా ఒక్కటే దారి. మే నెలలోనే వేయించాలి. మొదటిసారి వేసినవాటికి 2, 3 వారాల్లో రెండో మోతాదు కూడా పడాలి. ముక్కు, కళ్ల వెంట నీరు, నోట్లో పుండ్లు, పారుడు కనిపిస్తే అది పారుడు రోగం కావచ్చు, వెంటనే పశువైద్యునికి చూపించండి. దీని టీకా 3 ఏళ్లు కాపాడుతుంది. టీకాకు వారం, పది రోజుల ముందు నట్టల మందు తాగించాలి. చూడి మేకయితే ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని మందులు వాటికి పడవు. సంతలో కొన్న మేకను 3 వారాలు విడిగా కట్టాలి.

మాయ పడేదాకా పిల్లకు పాలు పట్టకూడదని కొన్ని ఇళ్లలో అంటారు. వినవద్దు. పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగించాలి.

రెండు మేకల కోసం పోతును మేపడం దండగ. ఎదకొచ్చినప్పుడు ఊళ్లో మంచి పోతు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో పుట్టిన పోతును తల్లికి, అక్కచెల్లెళ్లకు దాటించవద్దు.

పోతుపిల్లలకు బక్రీదు, దసరా, ఊరి జాతర ముందు మంచి ధర పలుకుతుంది. బేరగాడు వీపు మీద చేయి వేసి చూసి ధర కడతాడు. అతను వచ్చేలోపే గోనెసంచి ఉయ్యాలలా కట్టి స్ప్రింగు త్రాసుతో తూచి, బరువు రాసి పెట్టుకోండి.