ఓడ ఎక్కే ముందు ముక్కు పరీక్ష

డాలస్‌లో ఉంటూ మనవాళ్లకి క్రూజ్ టికెట్లు బుక్ చేయడం నా పని. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగారంటే పిల్లల ఫోన్లు మొదలవుతాయి: "అక్కా, గాల్వెస్టన్ నుంచి ఏ ఓడ బాగుంటుంది?" ఇప్పుడైతే ఆ వెంటనే అడిగేది శాకాహారం దొరుకుతుందా అని. 2021, 22లలో మాత్రం కరోనా టెస్టు ఎక్కడ, ఎప్పుడు అని.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడని ఆపేశారు గుర్తుందా? 3,711 మందిలో 712 మందికి సోకింది. ప్రయాణికులు గదుల్లో తలుపులేసుకున్నా, వాళ్లకి వండి అందించాల్సిన సిబ్బందికి ఆ వీలెక్కడిది? ఆ సిబ్బందిలో మన దేశం వాళ్లే 132 మంది. మార్చి 14న అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఓడలు కదలొద్దంది. మళ్లీ గాల్వెస్టన్ రేవు నుంచి కార్నివాల్ విస్టా ఓడ కదిలింది 2021 జులై 3న.

మొదట్లో టీకా వేసుకున్నవాళ్లని టెస్టు అడగలేదు. డెల్టా రకం విజృంభించాక బయల్దేరేముందు మూడు రోజుల్లోపు అన్నారు, సెప్టెంబరులో రెండు రోజులకి కుదించారు. లాబ్‌లో చేసే పీసీఆర్ ఫలితం ఒక్కోసారి అంతలోగా చేతికే వచ్చేది కాదు! రెండు రోజులంటే గంటల లెక్క కాదు, తేదీల లెక్క. ఆదివారం ఓడకి శుక్రవారం పొద్దున చేయించుకున్నా చెల్లేది. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. టీకాతో పేచీ రాలేదు; హైదరాబాద్ కోవాగ్జిన్‌ని 2021 నవంబరు 3నే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

ఇంట్లో చేసుకునే టెస్టూ ఒప్పుకునేవారు, కాకపోతే వీడియోలో ఒకరు చూస్తుండాలి. తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేత నేనే దగ్గరుండి చేయించాను. ముందు పాస్‌పోర్టు కెమెరాకి చూపించాలి. అట్టకార్డులో పై రంధ్రంలో ఆరు చుక్కల మందు, రెండు ముక్కుపుటాల్లోనూ పుల్ల తిప్పడం, దాన్ని కింది రంధ్రంలోంచి పైకి తోసి మూడుసార్లు తిప్పి కార్డు మూయడం. పదిహేను నిమిషాలు కార్డు కెమెరా ముందు నుంచి కదలకూడదు. "మనం కాపీ కొడతామనా అమ్మా?" అన్నారాయన. అవును బాబాయ్, అందుకే! ఎవరూ చూడకుండా చేసుకున్న టెస్టు చెల్లేది కాదు. అన్ని నిబంధనల్లోనూ నాకు సబబుగా తోచింది ఇదొక్కటే. పైగా ఇంటి టెస్టుతో మందుల షాపులో అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు తప్పాయి.

2022 జులై 18న సీడీసీ తన క్రూజ్ కార్యక్రమాన్ని ముగించింది. ఇక ఏ ఓడ కంపెనీ రూలు దానిది. సెప్టెంబరు 6 నుంచి కార్నివాల్ టీకా వేసుకున్నవాళ్లకి మామూలు ప్రయాణాల్లో టెస్టు తీసేసింది. నార్వేజియన్ అక్టోబరు 4 నుంచి అందరికీ ఎత్తేసింది. ఒకే వారం బయల్దేరే రెండు కుటుంబాలకి రెండు రకాలుగా చెప్పాల్సొచ్చేది. వాళ్లు ఫోన్లో మాట్లాడుకుని మళ్లీ నా మీదకే వచ్చేవారు.

ఇప్పుడు టెస్టు లేదు, వాంతులు, విరేచనాలు ఉన్నాయా అన్న ప్రశ్న ఉంది. అది నోరోవైరస్ కోసం. ఓడల శుభ్రత మీద సీడీసీ 1975 నుంచీ కన్నేసి ఉంచింది; ప్రయాణికుల్లోగానీ సిబ్బందిలోగానీ కనీసం 3 శాతం మందికి ఆ లక్షణాలుంటే ఓడ పేరుతో సహా బయటపెడుతుంది. నోరోవైరస్‌కి శానిటైజర్ అంతగా పనిచేయదు. బఫే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండని పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, పిల్లలకే చెబుతుంటాను.