రాత్రికి పడకగది.. పొద్దున్నే కార్ఖానా!
పాతబస్తీ గాజుల ఇళ్లలో కిటికీ పక్క చోటే కంటికీ, కూలికీ ఆధారం

చార్మినార్‌కు పడమటి వైపున లాడ్‌బజార్. పెళ్లిళ్ల రోజుల్లో అక్కడ ఇసుక వేస్తే రాలదు. పెళ్లి సామానుకని పల్లెల నుంచి పట్నం పోయినవారు ఆ వీధి తొక్కకుండా తిరిగిరారు. దుకాణాల దీపాల కింద ధగధగ మెరిసే లక్క గాజులు చూసి ఆగిపోతారు. గీచి గీచి బేరం ఆడతారు. పెళ్లికూతురికి ఒక సెట్టు, చెల్లెలికి ఒక జత కొంటారు. ఆ గాజు మీద అన్ని రాళ్లు ఎవరు అతికించారు, ఏ దీపం కింద కూర్చుని అతికించారు అని మాత్రం ఎవరూ అడగరు.

పెద్ద ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు కాదది. తలాబ్‌కట్ట, భవానీనగర్ వంటి బస్తీల్లో ఇళ్లలోనూ, ఇళ్లను ఆనుకున్న చిన్న కార్ఖానాల్లోనూ తయారవుతుంది. ఒంటి గది ఇంట్లో రాత్రి పడుకున్న చోటే పొద్దున కార్ఖానా. చాప చుట్టి గోడకు ఆనిస్తే పని మొదలు. మళ్లీ చాప పరిస్తే పని బంద్. అదే గదిలో వంట. అదే గదిలో పిల్లల చదువు.

కొత్త పేరు.. పాత పని

2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ పెట్టారు. మాదాపూర్, గచ్చిబౌలి కంప్యూటర్ ఆఫీసులకు తాళాలు పడ్డాయి. అక్కడి ఉద్యోగులు ఇంటి నుంచే పని చేశారు. దానికి వర్క్ ఫ్రం హోం అని పేరు. ఇంట్లో బల్ల ఎక్కడ వేయాలి, కుర్చీ ఎంత ఎత్తు ఉండాలి, దీపం ఎటు పెట్టాలి అని పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. కుర్చీలకు, బల్లలకు విడిగా డబ్బు ఇచ్చిన కంపెనీలూ ఉన్నాయి.

మూసీకి ఇవతల పాతబస్తీలో ఆ పని తరాల నాటిది. లక్క గాజులకు రాళ్లు అతకడం, చీరలకు చమ్కీలు కుట్టడం, మగ్గం వర్కు, అగరుబత్తీలు చుట్టడం అన్నీ ఇంటి పనులే. కుర్చీ, బల్ల ఇచ్చేవారు మాత్రం లేరు. ఇంటి కిరాయి, కరెంటు బిల్లు కూడా పని చేసేవారి నెత్తినే. దళారి సరుకు ఇచ్చి పోతాడు. తయారైన జతలు లెక్కపెట్టి పట్టుకుపోతాడు. కూలి జతల లెక్కనే తప్ప గంటల లెక్కన కాదు.

లక్క నుంచి గాజు దాకా

లక్క అంటే చెట్టు కొమ్మల మీద బతికే చిన్న పురుగు విడిచే జిగురు. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఎక్కువగా వస్తుంది. దాన్ని బొగ్గుల కుంపటి మీద కరిగించి, రంగు కలిపి, ముద్ద చేస్తారు. వేడి మీదే కడ్డీలా సాగదీస్తారు. చేతి కొలతకు వంచి రెండు కొసలూ కలుపుతారు. ఆ తరువాతిది రాళ్ల పని. ఒక్కొక్క రాయి, ఒక్కొక్క అద్దం ముక్క చేత్తో పొదగాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది. తొందరపడితే వేళ్లు కాలుతాయి. చాలా ఇళ్లలో కుంపటి పని మగవారిది, రాళ్ల పని ఆడవారిది.

ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. హైదరాబాద్ లక్క గాజు అన్న పేరుకు చట్టం అండ దొరికింది. గాజుకు గుర్తింపు వచ్చింది. గాజు చేసే మూలకు ఇంకా రాలేదు.

గుంట మగ్గం చెప్పే పాఠం

ఇంట్లో పని చేసుకునే చోటు ఎలా ఉండాలో మన పెద్దలకు తెలియని సంగతి కాదు. పోచంపల్లి వైపు సాలోళ్ల ఇళ్లు చూస్తే తెలుస్తుంది. మగ్గానికి ముందు గుంట తవ్వారు. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించుతాడు. కాళ్లు మడతపడి తిమ్మిరెక్కవు. బట్ట చేతికి అందే ఎత్తులో ఉంటుంది. ముందు మగ్గానికి చోటు చూసి, ఆ తరువాత మంచానికి చూశారు.

పాతబస్తీలోని పాతకాలం దేవిడీలలోనూ నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉండేది. దాని చుట్టూ వసారాలు. పగలంతా వెలుతురు, గాలి. వారసులు పెరిగారు, వాటాలు పడ్డాయి. వాకిళ్లలోనే గదులు లేచాయి. గల్లీ ఇరుకు. ఎదురింటి గోడ చేతికందేంత దగ్గర. పగటి పూట కూడా బల్బు వేస్తేనే పని. గాజుల పనికి దొరికేది ఇంట్లో అన్నింటికీ పోగా మిగిలిన మూల.

వెలుతురే పెట్టుబడి

ఆ మూలనే కాస్త సర్దుకుంటే కంటికి, నడుముకు, కూలికి మేలు. ఖర్చు పెద్దగా లేదు.

మొదటిది వెలుతురు. ఇంట్లో ఒక్క కిటికీ ఉంటే దాని పక్క చోటు పనికే కేటాయించాలి. బీరువా, పెట్టెలు చీకటి మూలకు పోవాలి. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలి. లేకుంటే తమ చేతి నీడ తమ పని మీదే పడుతుంది. వీపు వెనుక బల్బు ఉంటే తల నీడ అడ్డం వస్తుంది. గోడకు తెల్ల సున్నం వేస్తే ఉన్న వెలుతురే రెట్టింపు అయినట్టు ఉంటుంది.

రాళ్లు రంగుల వారీగా, సైజుల వారీగా చిన్న మూతల్లో వేరు చేసి చేతికందే దూరంలో పెట్టుకోవాలి. జతకు రెండు నిమిషాలు రాళ్లు వెతకడానికే పోతే, ముప్పై జతలకు ఒక గంట పోయినట్టే. ఆ గంటకు కూలి రాదు.

రెండోది కన్ను. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి, ఇరవై సెకన్ల పాటు దూరాన చూడాలని కంటి డాక్టర్లు చెబుతారు. గదిలో దూరం లేకపోతే గుమ్మం బయట చూసినా చాలు. నలభై దాటితే చత్వారం వస్తుంది. రాయి సందు దొరకక, అదే రాయి రెండుసార్లు అతకవలసి వస్తుంది. కూలి తగ్గితే చెయ్యి మందగించిందనుకుంటారు. తగ్గేది చూపు. 2018లో మొదలుపెట్టి, 2023లో రెండో విడతగా కంటి వెలుగు కింద ప్రభుత్వం ఉచితంగా పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చింది. మెహదీపట్నంలో సరోజినీదేవి సర్కారు కంటి ఆస్పత్రి ఉండనే ఉంది.

మూడోది నడుము. ఒకే తీరున గంటలకొద్దీ నేల మీద వంగి కూర్చుంటే మెడ, నడుము పట్టేస్తాయి. చిన్న పీట మీద పని పెట్టుకుంటే వంగవలసిన పని తగ్గుతుంది. కింద మడిచిన బొంత, వీపుకు గోడ ఉండాలి. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. మగ్గం వర్కు చేసేవారికి చట్రం మోచేయి ఎత్తులో ఉంటే భుజాలు లాగవు.

కుంపటితో జాగ్రత్త

అన్నింటికన్నా భయమైనది కుంపటి. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికని తలుపు, కిటికీ మూసి కుంపటి పెడితే ప్రాణానికే ముప్పు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేటట్టు ఉండటం ముందు గుర్తులు. వెంటనే అందరూ బయటి గాలికి రావాలి. కుంపటి ఎప్పుడూ గుమ్మం దగ్గర లేదా డాబా మీద ఉండాలి. పసిపిల్లలు పడుకునే గదిలో అసలు పెట్టరాదు.

ఒక నోటు పుస్తకం

పని మూలలో ఉండవలసిన మరో వస్తువు నోటు పుస్తకం. ఏ తేదీన ఎన్ని జతలు తీసుకున్నారు, ఎన్ని ఇచ్చారు, ఎంత ముట్టింది, ఎంత బాకీ అన్నది రాసుకోవాలి. చదువు రానివారు బడికి పోయే పిల్లల చేత రాయించుకోవచ్చు. నోటిమాట లెక్క ఎప్పుడూ సరుకు ఇచ్చేవాడి వైపే మొగ్గుతుంది.

కరెంటు ఖర్చు కూడా అందులోనే రాయాలి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు, ఫ్యాన్లు తిరిగే ఇళ్లలో మీటరు మీద ఒక కన్ను ఉంచాలి. 200 దాటితే ఆ మేలు దక్కదు.

గడప దాటని చట్టం

వెలుతురు, గాలి, మంచినీళ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. కరెంటుతో నడిస్తే పదిమంది, కరెంటు లేకుంటే ఇరవై మంది పనివారు ఉన్న చోటికే అది వర్తించింది. తల్లీకూతుళ్లు పని చేసే ఒంటి గది గడప అది దాటలేదు. ఆ చీకటిలో ఏం జరుగుతుందో 2015 జనవరిలో లోకానికి తెలిసింది. పాతబస్తీ గాజుల కార్ఖానాలపై పోలీసులు దాడి చేసి రెండు వందల మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమందిని బీహార్ నుంచి తెచ్చారు. బయటివారు చూడని గదిలో పసివాడు కూలి అయినా ఎవరికీ తెలియదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించరాదు. బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో, ప్రమాదం లేని దానిలో సాయం చేయడం వేరు.

మన బీడీల అక్కల సంగతి కొంత నయం. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవారిని కూడా కార్మికులుగా లెక్కగట్టింది. గుర్తింపు కార్డు, పీఎఫ్ అన్న మాటలు పల్లెల దాకా వచ్చాయి. ఇంటి పనివారిని కూడా మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒప్పందం తెచ్చింది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా చట్టంలో మాత్రం ఇంటి వద్ద పనిచేసేవారి మాట చేరింది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో వారు కూడా పేరు రాయించుకోవచ్చు. పేరు లేకపోతే రేపు ఏ పథకం వచ్చినా వెతుక్కోవలసిందే.

కిటికీ పక్కకు జరగడం, పీట వేసుకోవడం, పుస్తకం రాయడం ఇంటివారి చేతిలో పని. ఆ గది కిరాయిలో, బల్బు వెలుగులో తన వంతు ఎంతో లెక్కగట్టి జత కూలిలో కలపడం సరుకు ఇచ్చేవాడి పని. అది కలిపించడం సర్కారు పని. ఈసారి లాడ్‌బజార్‌లో బేరం ఆడేటప్పుడు గాజును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. సందు లేకుండా కూర్చున్న ప్రతి రాయి వెనుక ఎవరి చూపో ఖర్చయి ఉంటుంది.