జనవరి తెల్లవారుజామున విశాఖ గాలి

విశాఖపట్నానికి దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండల వరుస. ఈ రెంటి నడుమ గిన్నెలాంటి పల్లంలో రేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, రైలు యార్డులు, వాటికి దగ్గర్లోనే వన్‌టౌన్ ఇళ్లు. లారీలు తిరగడం, బొగ్గు దిగడం, గొట్టాల్లోంచి పొగ రావడం దాదాపు పన్నెండు నెలలూ సాగేవే. గాలి మాత్రం జులైలో ఒకలా, జనవరిలో మరొకలా ఉంటుంది. పొగ పైకి పోవడానికి దొరికే చోటు కాలాన్ని బట్టి మారిపోవడమే దానికి ముఖ్య కారణం.

పగలు నేల దగ్గర వెచ్చగా, పైకి వెళ్లేకొద్దీ చల్లగా ఉంటుంది. వేడెక్కిన గాలి లేస్తూ పొగనూ దుమ్మునూ మోసుకుపోతుంది. శీతకాలపు రాత్రి మబ్బు ఉండదు కాబట్టి నేల తన వేడిని వదిలేసి త్వరగా చల్లారుతుంది. దాన్ని తాకిన గాలీ చల్లబడి బరువెక్కుతుంది. కొండ వాలుల నుంచి జారే చల్లగాలి కూడా ఆ పల్లంలోకే చేరుతుంది. పైన వెచ్చని పొర పరుచుకుని గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఆ వేళ నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి నీరసంగా ఉంటుంది. కింద చిక్కిన పొగను కదపడం దాని వల్ల కాదు. ఎండెక్కి నేల వేడెక్కితే గానీ మూత విడదు. దీనికి తోడు ఆ నెలల్లో ఈశాన్యపు గాలులు గంగా మైదానం మీది పొగను బంగాళాఖాతం మీదుగా కోస్తాకు మోసుకొస్తాయి.

వేసవిలో సముద్రపు గాలి ఊరిని కడిగేస్తుందన్న నమ్మకం సగమే నిజం. ఆ గాలి చల్లగా, నిలకడగా వస్తుంది. ఎత్తైన గొట్టం వదిలిన పొగ అందులో పెద్దగా చెదరకుండా పైపైనే లోపలికి సాగుతుంది. ఒడ్డు దాటాక గాలి అడుగు నుంచి వేడెక్కి సుళ్లు తిరగడం మొదలవుతుంది. లోపలికి పోయేకొద్దీ ఆ సుళ్ల ఎత్తు పెరుగుతుంది. అవి పొగను అందుకున్న చోట పొగంతా ఒక్కసారిగా నేలకు దిగుతుంది. గొట్టం పక్క వీధికి తెలియని ఘాటు కొన్ని కిలోమీటర్ల అవతలి కాలనీకి తగులుతుంది. గొట్టం ఎత్తు పెంచితే చాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జూన్‌లో వానలు మొదలయ్యాక కణాలు కొట్టుకుపోతాయి. ఏడాదిలో హాయిగా ఊపిరి పీల్చుకునే కాలం అదే.

రేవు దగ్గరి ఇళ్లలో బాల్కనీ గ్రిల్లు మీద వేలితో రాస్తే నల్లటి పొడి అంటుకుంటుంది. ఆరేసిన తెల్ల చొక్కాను దులిపితే పోదు, చార పడుతుంది. బొగ్గు కుప్పల మీద నీళ్లు చల్లడం, పట్టాలు కప్పడం వల్ల ఇది తగ్గుతుంది. కంటికి కనిపించని పీఎం 2.5 కణాలు ఇంతకంటే ప్రమాదం, ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్లేవి అవే. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అవి 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5.

ఏడాది సగటు ఒక్కటే చూస్తే వానాకాలపు మంచి రోజుల వెనక జనవరి తెల్లవారుజాములు దాక్కుంటాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది. ఇలాంటి ప్రణాళికలు నెలల వారీగా, గంటల వారీగా ఉండాలని నా అభిప్రాయం. శీతకాలపు రాత్రుల్లో చెత్త తగలబెట్టడం పూర్తిగా ఆగాలి. గాలి కదలని గంటల్లో బొగ్గు ఎత్తడం, దించడం తగ్గాలి. భోగి మంట వేసేది సరిగ్గా ఆ మూత గట్టిగా బిగిసి ఉండే వేళకే. పండగ మానమనను గానీ, పాత టైర్లూ ప్లాస్టిక్కూ అందులో వేయొద్దు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారకముందే వాకింగుకు వెళ్లడం మాని, బాగా ఎండెక్కాక బయల్దేరడం మంచిది. కొలత కేంద్రం అంకెలు ఫోన్‌లో గంటగంటకూ చూడొచ్చు. ఉదయం ఆరింటి అంకెనూ మధ్యాహ్నం మూడింటి అంకెనూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ వేళ బయటికి రావాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.