హాల్డేన్ వేసిన లెక్క

జువాలజీ పాఠంలో పరిణామం రాగానే పిల్లలు అడుగుతారు: "కంటికి కనబడనిది ఎలా నమ్మాలి సార్?" నేను జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ లెక్క బోర్డు మీద వేస్తాను.

పొగగొట్టాల మాంచెస్టర్‌లో 1848లో నల్లరెక్కల మాత్ అరుదు. ఆ శతాబ్దం చివరికి దాదాపు అన్నీ నల్లవే. ఇంత వేగంగా మారాలంటే నల్లవాటి సంతానం తెల్లవాటికంటే సుమారు 50 శాతం ఎక్కువగా బతికి ఉండాలని 1924లో హాల్డేన్ తేల్చాడు. అప్పటికి ప్రకృతి వరణం అంత బలంగా ఉంటుందని చాలామంది నమ్మలేదు. పక్షులు ఏ రంగు మాత్‌ను ఏరి తింటున్నాయో అడవిలో పరీక్షించింది 1950లలో. ముందు కాగితం, తర్వాత అడవి! ఈ వరస నాకెంతో ఇష్టం.

మలేరియా ప్రాంతాల్లో తలసీమియా ఎందుకు ఎక్కువ? ఆ జబ్బు జన్యువు ఒక్క ప్రతే ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతుండవచ్చని 1949లో ఊహించిందీ ఆయనే. రక్తహీనత తెచ్చే జన్యువు తరతరాలుగా చెరిగిపోకుండా ఎందుకు నిలిచిందో ఆ ఊహతో అర్థమైంది.

1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

ఖరీదైన పరికరాలు లేవని ఆగొద్దని హాల్డేన్ ఇక్కడి కుర్రాళ్లకు చెప్పేవాడు. ఆయన తెలుగు శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పొదల దగ్గర ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో లెక్కపెట్టారు. ఒక్కో జాతి ఒక్కో రంగును ఎంచుకుంటే, ఒకే మొక్క కాలక్రమంలో రెండు జాతులుగా చీలవచ్చు. ఆ లెక్కకు కావలసింది నోటుపుస్తకం, ఓపిక.