నిచ్చెనకు మొదటి మెట్టు

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజమార్గముపై, శామీర్‌పేట చేరకముందే, హకీంపేట యను గ్రామము కలదు. అచట 1993లో ప్రభుత్వము స్థాపించిన క్రీడా పాఠశాల యున్నది. నాల్గవ తరగతిలో ప్రవేశము గోరు బాలబాలికలకు పరుగు, దూకుడు, బరువైన బంతిని విసరుట మొదలగు పరీక్షలు పెట్టి, వానిలో నెగ్గినవారికి చదువును, వసతిని, భోజనమును, శిక్షణను ఉచితముగా నొసగుదురు. స్టువర్టుపురమునకు చెందిన రాగాల వెంకట రాహుల్ ఈ పాఠశాలలోనే బరువులెత్తుట అభ్యసించెను. అతడు 2014లో నాన్‌జింగు నగరమున జరిగిన యువజన ఒలింపిక్ క్రీడలలో రజత పతకమును, 2018లో గోల్డ్ కోస్టు కామన్వెల్తు క్రీడలలో స్వర్ణ పతకమును గెలుచుకొనెను.

బరువులెత్తు క్రీడలో ఒక మేలు కలదు. నూరు కిలోల ఇనుము శామీర్‌పేటలోను నూరు కిలోలే, లండనులోను నూరు కిలోలే. ఒకడెంత యెత్తగలడో తెలియుటకు దేశదేశములు తిరుగ నక్కరలేదు. టెన్నిసు క్రీడ యట్టిది కాదు. ఒక యాటగాని బలము ఎదుటివానితో తలపడిననే గాని తెలియదు. తలపడుటకు పోటీలో చోటు కావలెను. చోటు లభించుటకు పట్టికలో శ్రేణి కావలెను. ఆ శ్రేణియో, పోటీలలో గెలిచిననే గాని రాదు! ఈ చక్రములోనికి మొదట ప్రవేశించుట యెట్లు? పేదవానికిని ధనికునికిని ఆ ద్వారము సమముగా తెరచియున్నదా?

మేడ్చలులో ఒక బాలిక టెన్నిసు నేర్చుకొనగోరినదనుకొందము. 1920లో ఏర్పడిన అఖిల భారత టెన్నిసు సంఘము 12, 14, 16, 18 సంవత్సరములలోపు వారికి వేరువేరుగా పోటీలు నడపుచున్నది. చిన్న పోటీలలో తక్కువ అంకములు, పెద్ద పోటీలలో ఎక్కువ అంకములు వచ్చును. పోటీలో చోట్లు పరిమితములు గనుక, శ్రేణిలో ముందున్నవారికే మొదట అవకాశము. తక్కినవారు ముందుగా అర్హత పోటీలలో నెగ్గవలెను. ఈ పద్ధతి పైకి ధర్మముగనే యున్నది. పట్టిక ఎవరి కులమును గాని, తండ్రి ఉద్యోగమును గాని అడుగదు. ఐనను ఒక వారము పుణెకును, మరియొక వారము చెన్నపట్నమునకును పోగలిగినవారు పది పోటీలాడునంతలో, ఈ బాలిక రెండింటిని మాత్రమే యాడును. రాకెట్టు తంతులు, బంతులు, తోడువచ్చు తల్లిదండ్రుల రైలు కిరాయి, పోయిన దినపు కూలి: ఇవన్నియు పట్టికలోని అంకె వెనుక దాగియుండును.

పెద్దల పోటీలలో ఈ చిక్కు మరింత స్పష్టము. అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య నడపు అన్నింటికన్న చిన్న పోటీలో బహుమతి మొత్తము 15,000 డాలర్లు. పురుషుల విభాగములో మొదటి యాటలోనే ఓడినవానికి అందులో దక్కునది 156 డాలర్లు, అనగా రమారమి 13,000 రూపాయలు. విమానపు టిక్కెట్టు మాట యటుండ, వారము దినముల బసకైనను అది చాలునో చాలదో! ఆ సమాఖ్యయే 2014లో లెక్కలు తీసి, శిక్షకుని జీతము కలుపకయే, పురుషులలో సుమారు 336వ శ్రేణివాడును, స్త్రీలలో సుమారు 253వ శ్రేణియామెయు మాత్రమే తమ ఖర్చులకు సరిపడ ఆర్జించుచున్నారని తేల్చెను. అంతకు దిగువనున్నవారు చేతిసొమ్ము పోసికొని యాడువారే.

ఈ దురవస్థను తొలగింపనెంచి సమాఖ్య 2019 జనవరిలో ఒక సంస్కరణము తెచ్చెను. ఆటగాండ్ర సంఖ్య తగ్గిననే బ్రతుకుతెరువు దొరకునని భావించి, 15,000 డాలర్ల పోటీలకు ప్రపంచ శ్రేణి అంకములను తీసివేసెను. ఉద్దేశము మంచిదే. కాని ఇల్లు ఇరుకైనదని మెట్లు పడగొట్టినట్లయ్యెను. వందలాదిమంది పేర్లు పట్టికనుండి మాయమాయెను. అన్ని దేశములనుండి నిరసన లేచుటచే, ఆ యేడు ఆగస్టులోనే అంకములను మరల చేర్చవలసివచ్చెను.

శ్రేణి చాలనివారికి మరియొక మార్గము కలదు. పోటీ నడపువారు తమ ఇష్టము చొప్పున కొన్ని చోట్లు ఇత్తురు. దీనిని వైల్డ్ కార్డు అందురు. 2001లో 125వ శ్రేణిలోనున్న గోరాన్ ఇవానిసెవిచ్ అట్టి చోటుతోనే వచ్చి వింబుల్డన్ విజేత యయ్యెను. హైదరాబాదు యువతి సానియా మీర్జా 2005లో ఆస్ట్రేలియా ఓపెన్‌లో ఇట్లే ప్రవేశించి మూడవ యాట వరకు పోయెను. మరుసటి నెలలోనే ఆమె హైదరాబాదులో మహిళల టెన్నిసు సంఘపు టైటిలు గెలిచెను. భారతీయ వనితలలో ఆ గౌరవము పొందిన మొదటి యామె ఈమెయే. అవకాశము వ్యర్థము కాలేదు. కాని వైల్డ్ కార్డు హక్కు కాదు, అనుగ్రహము. బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, అమెరికా దేశములకు తమవైన మహాపోటీలున్నవి. ఆయా దేశములవారు తమ పిల్లలకే ఆ చోట్లలో పెక్కింటిని ఇచ్చుకొందురు. 2024లో వింబుల్డన్ మొదటి యాటలో ఓడిన వానికైనను 60,000 పౌండ్లు ముట్టెను. అది మన లెక్కలో అరువది లక్షల రూపాయలకు పైమాటే. అట్టి పోటీ భారతదేశమునకు లేదు. బ్రిటన్‌లోనైనను కలత లేకపోలేదు. వింబుల్డన్ మిగులు ధనములో అధిక భాగము అచటి టెన్నిసు సంఘమునకు చేరినను, సహాయము కొందరికే లభించును. ఎంపిక కానివారు, తమను కొలిచిన కొలబద్ద సరియైనదేనా యని అడుగుచునే యుందురు.

మన దేశములో అగ్రశ్రేణి ఆటగాడైన సుమిత్ నాగల్, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మాత్రమే మిగిలినవని 2023 సెప్టెంబరులో వెల్లడించెను. ఆ యేడు 24 పోటీలాడి సుమారు 65 లక్షల రూపాయలు గడించినను, ఒక్క శిక్షకునితో తిరుగుటకే ఏటికి 80 లక్షలనుండి కోటి వరకు అగుచున్నదని అతడు చెప్పెను. 2024 జనవరిలో అతడు అర్హత పోటీలు దాటి ఆస్ట్రేలియా ఓపెన్‌లో ప్రవేశించి, 31వ సీడైన బుబ్లిక్‌ను ఓడించెను. 1989లో రమేశ్ కృష్ణన్ తరువాత మహాపోటీలో సీడు పొందిన వానిని ఓడించిన భారతీయుడు ఇతడే. ఆ యొక్క గెలుపువలన అతనికి 1,80,000 ఆస్ట్రేలియా డాలర్లు లభించినవి. గడచిన యేడంతయు ఆడి సంపాదించినదానికంటె అది యెక్కువ.

ఉయ్యూరులో జన్మించిన మైనేని సాకేత్ త్రోవ వేరు. అతడు అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ జట్టు తరఫున ఆడుచు ఎదిగెను. ఇరువదియెనిమిదవ యేట, 2016లో, అర్హత పోటీలు నెగ్గి అమెరికా ఓపెన్ ప్రధాన పట్టికలో చేరి, మొదటి యాటలో ఐదు సెట్లు పోరాడి ఓడెను.

2024లో పురుషుల వృత్తి టెన్నిసు సంఘము కనీసాదాయపు పథకము నొకదానిని ప్రారంభించెను. మొదటి నూరుగురి వార్షికార్జన 3,00,000 డాలర్లకును, 175వ శ్రేణి వరకు గలవారిది 1,50,000కును, 250వ శ్రేణి వరకు గలవారిది 75,000కును తగ్గినచో, ఆ లోటును సంఘమే పూరించునట్లు ఏర్పాటు చేసెను. 251వ వానికి ఆ పథకములో చోటు లేదు.