మైకు లేని రికార్డింగ్: గిటార్ ప్రాసెసర్‌పై అపోహలు – వాస్తవాలు

వానాకాలంలో పినపాక మండలంలో ఏ రేకుల ఇంట్లోనైనా మైకు పెట్టి గిటార్ రికార్డు చేయడం గగనమే. రేకుల మీద వాన చప్పుడు, మణుగూరు వైపు పోయే లారీల రొద, పక్కింటి టీవీ, అన్నీ పాటలోకి వచ్చి కూర్చుంటాయి. చర్చి క్వయర్‌లో వాయించే యువకులకైనా, యూట్యూబ్ కోసం సొంతంగా పాటలు చేసుకునే బృందాలకైనా ఇలాంటి చోట గిటార్ ఆంప్ ధ్వనిని అనుకరించే డిజిటల్ ఆంప్ మోడలర్ నిజంగా అక్కరకొచ్చే వస్తువు. తీగ కదలికను గిటార్ పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, కేబుల్ దాన్ని నేరుగా మోడలర్‌కు చేరవేస్తుంది. మధ్యలో మైకు లేదు కాబట్టి వాన చప్పుడు చొరబడే దారి కూడా లేదు.

వాద్యకారులు ప్రాసెసర్ అని పిలిచే ఈ పరికరంతో చిక్కంతా ఎంపిక దగ్గరే. వాయించి చూసి కొనాలంటే ఖమ్మమో, విజయవాడో, హైదరాబాదో వెళ్లాలి. అంత దూరం వెళ్లలేనివారు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతారు. చేత్తో పట్టుకుని చూడని వస్తువు గురించి వినికిడి మాటలే ఆధారమైనప్పుడు, కష్టపడి కూడబెట్టిన డబ్బు తప్పు చోట ఖర్చవుతుంది.

అపోహ: ఎన్ని ఎక్కువ ఆంప్ మోడళ్లుంటే అంత మంచి ప్రాసెసర్.

వాస్తవం: పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసే ఈ సంఖ్య ఎంపికకు పెద్దగా పనికిరాదు. రికార్డింగులో మనం వినే ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని ఆంప్ ఒక్కదానిదే కాదు. ఆంప్, స్పీకర్ క్యాబినెట్, దాని ముందు పెట్టిన మైకు కలిస్తే వచ్చే ధ్వని అది. గిటార్ ఆంపుల్లో వాడే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. చెవికి ఇంపుగా తోచే ఓవర్‌డ్రైవ్ ధ్వనిలో ఆ తగ్గింపుదే పెద్ద పాత్ర.

దీన్ని పరీక్షించడం తేలిక. ఏ మోడలర్‌లోనైనా డిస్టార్షన్ పెట్టి, స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే క్యాబ్ బ్లాక్ ఒక్కటీ ఆపేసి హెడ్‌ఫోన్‌లో వింటే, రేకు మీద ఇసుక రాసినట్టు గరగరమంటుంది. మళ్లీ ఆన్ చేయగానే అదే గిటార్ నిండుగా పలుకుతుంది. క్యాబినెట్, మైకుల స్పందనను కొలిచి భద్రపరిచిన చిన్న ఫైలును ఇంపల్స్ రెస్పాన్స్, పొట్టిగా ఐఆర్ అంటారు. బయటి ఐఆర్ ఫైళ్లను ఎక్కించుకునే వీలున్న చిన్న మోడలర్, ఆ వీలు లేని వందల మోడళ్ల పెట్టె కన్నా ఎక్కువ కాలం పనికొస్తుంది.

అపోహ: వాల్వ్ ఆంప్ లేకుండా స్టూడియో స్థాయి ధ్వని రాదు.

వాస్తవం: బీటిల్స్ 1968లో ‘రివల్యూషన్’ పాటకు గిటార్లను ఆంప్ లేకుండా నేరుగా స్టూడియో మిక్సింగ్ డెస్క్‌కు కలిపి రికార్డు చేశారు. ఎంఐటీలో చదివిన ఇంజనీరు, బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ షోల్జ్ 1982లో రాక్‌మ్యాన్ అనే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ తెచ్చాడు. కోటికి పైగా కాపీలు అమ్ముడైన డెఫ్ లెపర్డ్ ఆల్బమ్ ‘హిస్టీరియా’ (1987)లో గిటార్లు ప్రధానంగా ఆ పరికరంతోనే రికార్డయ్యాయి. డిజిటల్ మోడలింగ్‌ను ఇంటింటికీ చేర్చిన లైన్ 6 పాడ్ 1998లో వచ్చింది. అసలు ఆంప్ ధ్వనిని కొలిచి ప్రొఫైల్‌గా మార్చుకునే కెంపర్ 2011లో వచ్చింది.

పైగా వాల్వ్ ఆంప్ అసలు రంగు బయటపడాలంటే వాల్యూమ్ గట్టిగా పెంచాలి. పిల్లలు చదువుకునే, పెద్దవాళ్లు పడుకునే ఇంట్లో అది కుదరదు.

అపోహ: 96 లేదా 192 కిలోహెర్ట్జ్ ఉంటేనే నాణ్యత.

వాస్తవం: మనిషి చెవికి గరిష్ఠంగా వినబడేది సుమారు 20 కిలోహెర్ట్జ్. దాన్ని పూర్తిగా పట్టుకోవడానికి 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ చాలు. గిటార్ స్పీకర్ అంత దూరం కూడా వెళ్లదు. ఎక్కువ రేటు నిజంగా ఉపయోగపడేది మోడలర్ లోపల. డిస్టార్షన్ కొత్త హార్మోనిక్స్‌ను పుట్టిస్తుంది. వాటిలో శాంప్లింగ్ పరిధి దాటినవి మడతపడి అపశ్రుతులుగా కిందికి వస్తాయి. దీన్ని తగ్గించడానికి పరికరం లోలోపల ఎక్కువ రేటుతో లెక్కలు కట్టి, చివరికి 48కి దింపుతుంది. కొనేవారు చూసుకోవాల్సింది 24 బిట్ రికార్డింగ్ ఉందా లేదా అన్నది. అది ఉంటే లెవెల్‌ను అంచుదాకా నెట్టక్కర్లేదు. శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉన్నా రికార్డింగు శుభ్రంగా వస్తుంది.

అపోహ: బుర్రుమనే శబ్దం వస్తోందంటే మోడలర్ నాసిరకం.

వాస్తవం: చాలాసార్లు లోపం కరెంటు వైపు ఉంటుంది. సింగిల్ కాయిల్ పికప్, ఇంట్లో వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌ను పట్టేస్తుంది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ను ఒకటి రద్దు చేస్తాయి. మణుగూరు, పినపాక మండలాల సరిహద్దులో 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తున్నా, ఇంటి గోడలోని సాకెట్‌కు సరైన ఎర్త్ లేకపోతే గిటార్ రికార్డింగుకు ఇబ్బందే. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపినప్పుడు శబ్దం తగ్గిందంటే, దాని మూలం ఛార్జర్ దగ్గరో ఎర్త్ దగ్గరో ఉన్నట్టు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపినా గరగర పెరగొచ్చు. నాయిస్ గేట్ స్వరాల మధ్య ఖాళీల్లోనే శబ్దాన్ని మూస్తుంది, తీగ మోగుతున్నంతసేపూ హమ్ దాంతోపాటే ఉంటుంది. ప్రాసెసర్ మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోవడం చవక.

అపోహ: డిజిటల్ అంటే మీటిన తర్వాత ఆలస్యంగా వినిపిస్తుంది.

వాస్తవం: ఆలస్యం ఎంత అన్నదే ప్రశ్న. గాలిలో ధ్వని ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు. కంప్యూటర్ గుండా వెళ్లి తిరిగొచ్చేసరికి ఇది పెరుగుతుంది. అందుకే మోడలర్ సొంత హెడ్‌ఫోన్ జాక్ నుంచి వింటూ వాయిస్తే కంప్యూటర్ ఆలస్యం బెడదే ఉండదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం ఈ పనికి వద్దు. దాని ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే, చేయి ఒక తాళంలో, చెవి ఇంకో తాళంలో నడుస్తాయి.

అపోహ: మోడలర్ కొంటే రికార్డింగ్ సామాను మొత్తం కొన్నట్టే.

వాస్తవం: ఈ ప్రాంతానికి అతి ముఖ్యమైన విషయం ఇదే. యూఎస్‌బీ ఆడియో ఉన్న మోడలర్ గిటార్‌ను కంప్యూటర్‌లోకి నేరుగా పంపుతుంది. గొంతుకీ డోలికీ మాత్రం మైకు కావాల్సిందే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి కళకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి కళ వారసత్వంగా ఉన్న నేల మీద గిటార్ ఒక్కటే రికార్డు చేసుకుని ఊరుకునే బృందాలు తక్కువే. చిన్న మోడలర్లలో చాలావాటికి మైకు ఇన్‌పుట్ ఉండదు, కండెన్సర్ మైకుకు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అసలే ఉండదు.

డోలి, గొంతు, గిటార్ మూడూ కలిసిన పాట చేయాలనుకునేవారికి మోడలర్ కన్నా రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు ముందు అవసరం. అప్పుడు గిటార్ ధ్వనికి స్టీవెన్ అట్కిన్సన్ రూపొందించిన ‘న్యూరల్ ఆంప్ మోడలర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కసారి దించుకుంటే నెట్ సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. గిటార్‌ను మాత్రం ఇంటర్‌ఫేస్‌లో హై-జడ్ లేదా ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కే కలపాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే పై స్వరాలు మసకబారతాయి. వేదిక మీద కూడా వాయించేవారికీ, మంచి ల్యాప్‌టాప్ లేనివారికీ విడి మోడలరే మేలు.

ఆర్డర్ పెట్టే ముందు తయారీదారు వెబ్‌సైటు నుంచి మాన్యువల్ దించుకుని నాలుగు అంశాలు వెతకాలి: యూఎస్‌బీ ఆడియో, బయటి ఐఆర్ ఎక్కించే వీలు, హెడ్‌ఫోన్ జాక్, ఎఫెక్టులు లేని డ్రై సిగ్నల్‌ను విడి ట్రాక్‌గా రికార్డు చేసే సదుపాయం. చివరిది చాలామంది పట్టించుకోరు. డ్రై ట్రాక్ దాచి ఉంచితే, ఆంప్ ధ్వని తర్వాత నచ్చకపోయినా గిటారిస్టు మళ్లీ వాయించనక్కర్లేదు. అదే ట్రాక్‌ను కొత్త మోడల్ గుండా పంపి పాటను సరిదిద్దుకోవచ్చు.