కొనని టికెట్టుకు కోటి రూపాయలు

జనగామ నుంచి ప్రతిదినం రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లివచ్చే చిరుద్యోగికి, మహబూబాబాద్ మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దింపుకొని ధర కోసం ఎదురుచూసే రైతుకు, భూపాలపల్లి గనిలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన సింగరేణి కార్మికునికి ఒకే రోజున ఒకే ఉత్తరం రావచ్చు. మీ ఈ-మెయిల్ చిరునామా మా లక్కీ డ్రాలో ఎంపికైంది, మీకు 25 లక్షల రూపాయల బహుమతి లభించింది, వెంటనే వివరాలు పంపండి అన్నది దాని సారాంశం. పంపినవానికి ఈ ముగ్గురిలో ఎవరూ తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. లక్షలాది చిరునామాల మీద ఒకే వల విసిరి, జవాబిచ్చే కొద్దిమంది కోసం కాచుకొని ఉండటమే అతని వృత్తి.

ఈ వృత్తి ఈ-మెయిల్‌తో పుట్టినది కాదు. స్పెయిన్ చెరసాలలో మగ్గుతున్న ఒక ధనవంతుణ్ణి విడిపించేందుకు కొంత సొమ్ము పంపితే, దాచిన నిధిలో వాటా ఇస్తామంటూ 19వ శతాబ్దంలోనే పోస్టులో ఉత్తరాలు తిరిగేవి. తరువాతి కాలంలో నైజీరియా నుంచి వెల్లువెత్తిన ఉత్తరాలకైతే, ఆ దేశపు నేరస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ సంఖ్యను బట్టి '419' అన్న పేరే స్థిరపడిపోయింది. నేడు బ్రిటన్ జాతీయ లాటరీ, మైక్రోసాఫ్ట్, కోకాకోలా, 'కౌన్ బనేగా కరోడ్‌పతి' వంటి పేర్లు వాడుకుంటున్నారు. ఆ సంస్థలకు ఈ ఉత్తరాలతో ఏ సంబంధమూ లేదు. ముందు మీరు కొంత చెల్లించండి, తరువాత మేము ఎంతో ఇస్తాం అన్న పాత బేరమే ఇన్ని వేషాలు మార్చుకుంటూ వస్తున్నది.

లాటరీ నిషిద్ధమని మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలుసు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు మద్యంతో పాటు జూదాన్నీ నిషేధించాయి. అటువంటప్పుడు లాటరీ టికెట్టు ముట్టని ఇంట్లో ఈ మోసానికి చోటెక్కడిదని అనిపించవచ్చు. చోటు సరిగ్గా అక్కడే ఉన్నది. "నేను టికెట్టు కొనలేదు, పందెం కాయలేదు, అడగకుండానే వచ్చింది. ఇది జూదమెలా అవుతుంది? అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి కాబోలు" అన్న ఆలోచన మనసులో మెదిలిందంటే, మోసగాని పని సగం పూర్తయినట్లే. లాటరీ వ్యసనం ఉన్నవానికి కనీసం టికెట్టు కొంటేనే బహుమతి అన్న సంగతి తెలుసు. ఏనాడూ కొననివానికి ఆ లెక్క తట్టకపోవచ్చు. ఆ లాటరీ నిజమైతే అది ఓడినవారి పందెపు సొమ్ము; అబద్ధమైతే అసలు సొమ్మే లేదు.

2019లో అబుధాబి 'బిగ్ టికెట్' డ్రాలో నిజామాబాద్ జిల్లా రైతు ఒకరికి కోటిన్నర దిర్హములు లభించాయన్న వార్త నిజమే. కాని ఆయన పేరిట టికెట్టు కొన్నారు. గల్ఫ్‌లో బంధువులున్న కుటుంబాల్లో ఇటువంటి కథలు చాలాకాలం చెప్పుకుంటారు, నకిలీ ఉత్తరాలకు కావలసిన నమ్మకాన్ని అవే సమకూర్చిపెడతాయి.

లాటరీ మాటకు లొంగనివారి కోసం వేరే ఉత్తరం సిద్ధంగా ఉంటుంది. అది 'అస్సలాము అలైకుమ్'తో మొదలవుతుంది. క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉన్న ఒక వితంతువు, తన భర్త విడిచివెళ్లిన లక్షల డాలర్లను యతీముల కోసం ఖర్చుచేసే దైవభీతిపరుని కోసం వెదుకుతున్నానని రాస్తుంది. లిబియా మాజీ పాలకుడు గడాఫీ కుమార్తె పేరిట కూడా ఇటువంటి ఉత్తరాలు లోకమంతా తిరిగాయి. ఇక్కడ ఎర వేసేది పాఠకుని దురాశకు కాదు, అతని దానగుణానికి. అందుకే ఇది మరింత హేయమైనదని నా అభిప్రాయం.

ఇంకొక రకం ఉన్నది. విదేశంలో మరణించిన ఫలానా ఖాన్‌కో, ఫలానా షేక్‌కో వారసులు లేరు, మీ ఇంటిపేరూ అదే కనుక మిమ్మల్ని దగ్గరి బంధువుగా చూపి బ్యాంకులోని సొమ్ము ఇప్పిస్తాం అంటారు. షేక్, మహమ్మద్ అన్న పేర్లు మూడు జిల్లాల్లో ఎన్ని వేల గడపల్లో ఉన్నాయో! ఈ ప్రతిపాదనను మోసమని గుర్తించకముందే తిరస్కరించవచ్చు. అన్నిసా సూరా వారసుల వాటాలను స్పష్టంగా నిర్ణయించింది; కాని బంధువును బంధువునని చెప్పి మృతుని సొత్తు తీసుకోవడం అబద్ధపు సాక్ష్యమే. ఉత్తరం నిజమే అయినా ఆ సొమ్ము మనకు ధర్మసమ్మతం కాదు.

జవాబిచ్చిన తరువాత జరిగేది ఇది. మొదట పేరు, వయసు, వృత్తి, ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్య అడుగుతారు. ముద్రలు, సంతకాలు, జాతీయ చిహ్నంతో ఒక ధ్రువపత్రం పంపుతారు. పిదప ప్రాసెసింగ్ ఫీజు అంటూ కొద్ది వేలు. అది చెల్లించగానే జీఎస్టీ, ఆపై కస్టమ్స్ సుంకం, ఆపై రిజర్వు బ్యాంకు అనుమతి. వృత్తి ఎందుకడిగారో ఇక్కడ అర్థమవుతుంది. దసరా ముందు సింగరేణి కార్మికునికి లాభాల వాటా అందుతుందని, పంట అమ్మిన వారంలో రైతు చేతిలో డబ్బు ఉంటుందని తెలిసినవాడు ఆ సమయానికే గడువు పెడతాడు. ప్రతి మెట్టు మీదా బాధితుడు ఆలోచించేది రాబోయే లక్షల గురించి కాదు, అప్పటికే పోసిన వేల గురించి. ఇప్పుడు ఆపితే అవీ పోతాయన్న భయమే అతని చేత తరువాతి ఫీజు కట్టిస్తుంది.

ఈ మెట్లలో ఒకటి ముస్లిం కుటుంబాలను ప్రత్యేకంగా బెదిరించగలదు. ఈ సొమ్ము ఉగ్రవాదానికి సంబంధించినది కాదని ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి, లేదంటే మీ మీద కేసు నమోదవుతుంది అంటారు. పత్రం వెల వేలల్లో, లక్షల్లో చెబుతారు. పరువుగా బతికే ఇంటిపెద్ద ఆ ఒక్క మాటకు బెదిరిపోయి, భార్యకు కూడా చెప్పకుండా నగలు తాకట్టు పెట్టే ప్రమాదం ఉన్నది. బహుమతి సొమ్ముకు అటువంటి పత్రమిచ్చే ప్రభుత్వ కార్యాలయమేదీ లేదు. రిజర్వు బ్యాంకు కూడా వ్యక్తుల పేరిట పొదుపు ఖాతాలు తెరవదు, ఎవరికీ బహుమతి సొమ్ము పంపదు.

ఉత్తరం చూడగానే ఏమి పరిశీలించాలి? పైన కనిపించే పేరును వదలి, దాని వెనుక ఉన్న అసలు చిరునామా చదవాలి. పెద్ద సంస్థ పేరు రాసుకొని ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల ఖాతా నుంచి ఉత్తరం పంపారంటే అక్కడితో ఆగిపోవచ్చు. "ప్రియమైన విజేతా" అనే సంబోధన, రెండు రోజుల గడువు, ఎవరికీ చెప్పవద్దన్న షరతు కూడా గుర్తులే. అన్నిటికంటే సులువైన పరీక్ష మరొకటి ఉన్నది: "మీ ఫీజును బహుమతి నుంచే మినహాయించుకొని మిగిలినది పంపండి" అని రాసి చూడమనవచ్చు. కాని జవాబే ఇవ్వకపోవడం మేలు, ఎందుకంటే జవాబు వచ్చిన చిరునామాను వారు మళ్లీ మళ్లీ వాడుకుంటారు. చట్టబద్ధమైన లాటరీలో గెలిచిన నగదు మీద 30 శాతం పన్నును చెల్లించే సంస్థే మినహాయించుకుంటుంది; విజేత ముందుగా ఎవరి ఖాతాలోనూ జమ చేయనక్కరలేదు. విదేశీ మారకపు నిబంధనలు లాటరీ టికెట్ల కోసం దేశం దాటించి సొమ్ము పంపడాన్ని ఎలాగూ నిషేధించాయి. తెలంగాణ ప్రభుత్వం లాటరీలు నడపదు. ఇక యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన పని లేదు. నొక్కమన్నారంటే డబ్బు పోతున్నదన్నమాట.

ఎవరో తెచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తుంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవానికో, బ్యాంకులో పనిచేసే బంధువుకో ఆ ఉత్తరం చూపితే చాలు, విచారణ అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. ఎవరికీ చెప్పవద్దన్న షరతు పెట్టడం ఆ అయిదు నిమిషాలను తప్పించడానికే.

యువకులకు వేరొక మాట చెప్పాలి. దోచిన సొమ్ము మోసగాని సొంత ఖాతాలో పడదు. నెలకు కొద్ది వేలు ఇస్తామని ఆశచూపి తీసుకున్న పేద కుర్రవాళ్ల ఖాతాల్లో పడుతుంది. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇతరులకు అప్పగించినవాడు ఆ ఉత్తరం తాను రాయలేదని చెప్పినా, పోలీసులు మొదట తట్టేది అతని తలుపే. వేషం మార్చి కంప్యూటర్ ద్వారా మోసగించినవారికి ఐటీ చట్టం 66డి సెక్షన్ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా విధిస్తుంది.

సొమ్ము పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు మారేలోపు బ్యాంకు దానిని నిలిపివేయగలిగితే తిరిగి దక్కే అవకాశం ఉన్నది. ఒక రాత్రి గడిస్తే ఆ అవకాశం బాగా సన్నగిల్లుతుంది. లావాదేవీ సంఖ్య, వచ్చిన ఉత్తరాలు, ఫోను నంబర్లు చెరిపివేయకుండా ఉంచాలి. అలా నిలిపిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతి మన రాష్ట్రంలో ఉన్నది. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ఫిర్యాదుకు రుసుము లేదు. కొన్ని నెలల తరువాత ఎవరో ఫోను చేసి, మీరు పోగొట్టుకున్న సొమ్ము రాబట్టి ఇస్తాం, దానికి కొంత ఫీజు కట్టండి అంటే, ఆ నంబరును కూడా రాసుకొని మళ్లీ 1930కే చెప్పాలి.